కిట్ లెన్స్ తర్వాత ఏది కొనాలి? మీ ఫొటోల తీరును బట్టి లెన్స్ ఎంపిక

కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్‌తో కొంతకాలం ఫొటోలు తీశాక దాదాపు అందరికీ వచ్చే సందేహం ఒకటే: తర్వాతి లెన్స్ ఏది? ఒకరు 50 ఎంఎం తీసుకోమంటారు, ఇంకొకరు 70-200 లేనిదే ఫొటోగ్రఫీ ఏమిటంటారు, దుకాణదారు తన దగ్గర నిల్వ ఉన్నదాన్నే ముందు చూపిస్తాడు. వీరెవరూ తప్పు చెప్పకపోవచ్చు గానీ, ఎవరి సలహా అయినా వారు తీసే ఫొటోలకు కుదిరినదే తప్ప మీ ఫొటోలను చూసి చెప్పినది కాదు. ఈ వ్యాసాన్ని ఏపీఎస్-సీ సెన్సర్ (బొమ్మను పట్టే చిప్, ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది) ఉన్న కెమెరా, అంటే మనవాళ్లు క్రాప్ బాడీ అనేది, చేతిలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఫుల్ ఫ్రేమ్ బాడీ (ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) ఉన్నవారు ఇక్కడి ఫోకల్ లెంగ్త్‌లను (లెన్స్ పేరులోని ఎంఎం అంకెలను; అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా, ఇరుకుగా కనిపిస్తుంది) ఒకటిన్నరతో హెచ్చించి చదువుకోవచ్చు.

ఫొటోల తీరు అనగానే చాలామందికి రంగులు, ఎడిటింగ్ గుర్తుకు వస్తాయి. లెన్స్ కొనేటప్పుడు మాత్రం రెండే ప్రశ్నలు వేసుకోవాలి: ఫొటో తీసేటప్పుడు మీరు ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడతారు, అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది? మిగిలిన విషయాలన్నీ వీటి తర్వాతే వస్తాయి.

ముందుగా చూసుకోవలసినవి

మొదటిది దూరం. ముఖం ఆకృతి లెన్స్ వల్ల మారుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది దూరం వల్ల మారుతుంది. రెండడుగుల దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి, ఆరేడు అడుగులు వెనక్కి జరిగితే ముఖం మనం రోజూ చూసే రూపానికి వస్తుంది. ఆ దూరం నుంచి ఫ్రేము నిండా ముఖమే ఉండాలంటే ఏ ఫోకల్ లెంగ్త్ కావాలన్నదే లెన్స్ తేల్చే విషయం. కాబట్టి మీరు మనుషుల మధ్యకు చొరవగా వెళ్లి తీసేవారా, పక్కన నిలబడి ఎవరికీ తెలియకుండా తీసేవారా అన్నది ముందు తేల్చుకోవాలి. చొరవ లేకపోవడం లోపమేమీ కాదు. మంచి క్యాండిడ్ ఫొటోలు తీసేవారిలో చాలామంది దూరంగా ఉండేవారే.

దీన్ని ఊహతో తేల్చే పని లేదు, మీ పాత ఫొటోలే చెబుతాయి. కంప్యూటర్‌లో ఫొటో ఫైల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డీటెయిల్స్ చూస్తే దాన్ని ఏ ఫోకల్ లెంగ్త్‌లో తీశారో కనిపిస్తుంది. తీసినవన్నీ లెక్కించకుండా, మీరు ఎవరికైనా చూపించిన వాటినీ ఫ్రేము కట్టించుకున్న వాటినీ మాత్రమే చూడండి. మొత్తం ఫొటోలను చూస్తే సగం 18 దగ్గర, సగం 55 దగ్గర పోగుపడి ఉంటాయి, ఎందుకంటే చాలామంది జూమ్ రింగును ఆ చివరికో ఈ చివరికో తిప్పేసి వదిలేస్తారు. నచ్చిన ఫొటోలు మాత్రమే 28 నుంచి 38 మధ్య గుమిగూడి ఉంటే అది ఒక రకమైన చూపు. అవన్నీ 55 దగ్గరే ఆగి, అక్కడా చాలక తర్వాత క్రాప్ చేసి ఉంటే అది మరో రకం.

రెండవది వెలుతురు. కిట్ లెన్స్‌కు 55 ఎంఎం దగ్గర అపెర్చర్, అంటే వెలుతురును రానిచ్చే రంధ్రం, ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). ఎఫ్/1.8 లెన్స్ దానికి దాదాపు 10 రెట్లు, ఎఫ్/2.8 లెన్స్ 4 రెట్లు వెలుతురును లోపలికి రానిస్తాయి. షటర్ స్పీడు మార్చకుండా కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 6400 పెట్టవలసిన చోట ఎఫ్/1.8తో సుమారు 640 సరిపోతుందన్నమాట. ఒక ఫొటో నాయిస్‌తో గరుకుగా ఉండడానికీ, చర్మం నున్నగా కనిపించడానికీ మధ్య ఉన్న తేడా ఇదే. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా అని ఊరుకోవడానికి లేదు. అది మన చేతి వణుకును అదుపు చేస్తుందే గానీ ఎదురుగా పరుగెత్తే పిల్లవాణ్ని ఆపలేదు.

మూడవది బరువు. దీన్ని కొనేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, కొన్న తర్వాత భుజం పట్టించుకుంటుంది. క్యానన్ ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 బరువు 160 గ్రాములు. 70-200 ఎఫ్/2.8 లెన్స్‌లు తయారీని బట్టి కిలో నుంచి కిలోన్నర దాకా ఉంటాయి, 150-600 తరహావి రెండు కిలోల దగ్గర తూగుతాయి.

కింది పట్టికలోని దూరాలు, నిలబడి ఉన్న మనిషి తల నుంచి పాదాల వరకు నిలువు ఫ్రేములో కాస్త ఖాళీతో పట్టడానికి క్రాప్ బాడీతో మీరు ఎంత వెనక్కి వెళ్లాలో చెబుతాయి. కెమెరాను అడ్డంగా పట్టుకుంటే ఆ దూరానికి మరో సగం కలుపుకోవాలి. ప్రైమ్ అంటే జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్; టెలి జూమ్ అంటే దూరపువాటిని దగ్గర చేసే జూమ్.

| లెన్స్ | ఫుల్ ఫ్రేమ్‌లో దీనికి సమానం | నిలువెత్తు మనిషికి కావలసిన దూరం | సాధారణంగా దొరికే అపెర్చర్ |
|---|---|---|---|
| 18 ఎంఎం (కిట్ లెన్స్ వైడ్ కొస) | 27 ఎంఎం | 5 అడుగులు | ఎఫ్/3.5 |
| 35 ఎంఎం ప్రైమ్ | 52 ఎంఎం | 10 అడుగులు | ఎఫ్/1.8 |
| 50 ఎంఎం ప్రైమ్ | 75 ఎంఎం | 15 అడుగులు | ఎఫ్/1.8 |
| 85 ఎంఎం ప్రైమ్ | 128 ఎంఎం | 25 అడుగులు | ఎఫ్/1.8 |
| 200 ఎంఎం (టెలి జూమ్) | 300 ఎంఎం | 60 అడుగులకు కాస్త తక్కువ | ఎఫ్/2.8 లేదా ఎఫ్/5.6 |

ఈ లెక్క ఒకటిన్నర రెట్ల క్రాప్ ఉన్న నికాన్, సోనీ, ఫ్యూజీ బాడీలది. క్యానన్‌లో అది 1.6 రెట్లు కాబట్టి దూరం ఇంకొంచెం పెరుగుతుంది.

35 ఎంఎమ్మా, 50 ఎంఎమ్మా?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే కనుక దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 50 ఎంఎంకు ఉన్న పేరు ఫిల్మ్ కాలం నుంచి వచ్చింది. 1925లో అమ్మకానికి వచ్చిన మొదటి లైకా కెమెరాకు ఉన్నది 50 ఎంఎం లెన్సే, ప్రసిద్ధ ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియె-బ్రెస్సాన్ తన ఫొటోల్లో అధిక భాగం తీసినదీ ఆ ఫోకల్ లెంగ్త్‌తోనే. అయితే అది 36 × 24 మిల్లీమీటర్ల ఫ్రేము మాట. అదే లెన్స్‌ను క్రాప్ బాడీకి తగిలిస్తే అది 75 ఎంఎం లెన్స్‌లా, అంటే ఒక చిన్న పోర్ట్రెయిట్ లెన్స్‌లా పనిచేస్తుంది. బ్రెస్సాన్ చూసినంత మేర చూడాలనుకునే క్రాప్ బాడీ యజమాని కొనవలసినది 35 ఎంఎం.

పట్టికలోని దూరాలను మన ఇళ్లకు అన్వయించి చూడండి. 10 × 12 అడుగుల గదిలో గోడకు వీపు ఆనించి నిలబడినా 50 ఎంఎంతో ఎదుటి గోడ దగ్గరున్న మనిషి మోకాళ్ల దాకా కూడా సరిగా రాడు. పాప అన్నప్రాశన నాడు హాల్లో పీటల మీద కూర్చున్న అమ్మానాన్నలు, వారి ఒడిలోని పాప, ముందున్న పళ్లెంలో కత్తి, పుస్తకం, బంగారం, పాప చెయ్యి దేని వైపు వెళుతోందో తొంగిచూస్తున్న అమ్మమ్మ, ఇవన్నీ ఒకే ఫ్రేములో కావాలంటే 35 ఎంఎం పనికి వస్తుంది, అదీ అతి కష్టం మీద. 50 ఎంఎంతో పాప ముఖమో చెయ్యో ఏదో ఒకటే వస్తుంది. ఆ ముఖం మాత్రం చాలా అందంగా వస్తుంది, అందుకే ఈ లెన్స్‌ను ప్రేమించేవారు అంతమంది.

ఇంటి అరుగు మీద, డాబా మీద, తోటలో, అంటే వెనక్కి జరగడానికి చోటున్న ప్రదేశాల్లో ఒక్క మనిషిని తీసేవారికి 50 ఎంఎం సరైనది. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర దీని ఫోకస్ మందం (స్పష్టంగా వచ్చే లోతు) పదకొండు పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది, కనుక ముఖమంతా స్పష్టంగా ఉండి వెనకనున్నది కరిగిపోతుంది. ఇంట్లో తీసేవారికి, వీధుల్లో తీసేవారికి, తీసిన ఫొటోలో మనిషితో పాటు చోటు కూడా కనిపించాలనుకునేవారికి 35 ఎంఎం మేలు. చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ముందు నిలబడితే మీకూ దుకాణదారుకూ మధ్య నాలుగైదు అడుగులకు మించి ఉండదు. అక్కడ 50 ఎంఎం పెట్టుకుంటే మనిషి దొరుకుతాడు గానీ గాజులు దొరకవు. ఎటూ తేల్చుకోలేనివారికి నేను 35 ఎంఎమ్మే చెబుతాను, ఎందుకంటే ముందుకు రెండడుగులు వేయడం సులభం, గోడలోకి రెండడుగులు వెనక్కి వేయడం కుదరదు.

85 ఎంఎం ప్రైమ్

ఇది పోర్ట్రెయిట్‌ల కోసమే పుట్టినదని ప్రతిచోటా రాస్తారు. ఫుల్ ఫ్రేమ్ మీద ఆ మాటకు తిరుగులేదు. క్రాప్ బాడీ మీద మాత్రం ఇది నిలువెత్తు మనిషికి 25 అడుగులు అడుగుతుంది. అంత దూరం నుంచి ఎదుటి మనిషితో మాట్లాడుతూ ఫొటో తీయాలంటే గొంతు పెంచాలి, అప్పుడు ఆ మనిషి ముఖంలోని సహజత్వం కాస్తా పోతుంది. పైగా రెండు మీటర్ల దగ్గర ఎఫ్/1.8లో ఫోకస్ మందం నాలుగు సెంటీమీటర్లే, కాబట్టి కన్ను స్పష్టంగా వస్తే చెవి మసకబారుతుంది. బయట ప్రీ-వెడ్డింగ్ షూట్లు చేసేవారికి, స్టేజీ మీద కూచిపూడి నాట్యాన్ని ముందు వరుస నుంచి తీసేవారికి ఇది బాగుంటుంది. ఇంటివరకే తీసేవారు దీని జోలికి వెళ్లనక్కరలేదు.

ఎఫ్/2.8 స్టాండర్డ్ జూమ్

పెళ్లిళ్లలోకి దిగాలనుకునే కుర్రవాళ్లు తరచుగా రెండు మూడు ప్రైమ్‌లు పోగు చేసుకుంటారు. జీలకర్ర బెల్లం వేళ మండపం దగ్గర నిలబడి చూస్తే అది ఎందుకు కుదరదో తెలుస్తుంది. అడ్డుతెర తీసే క్షణంలో వధూవరులు ఒకరినొకరు చూసుకునే చూపు ఒకటి, తెర పట్టుకున్నవారితో, పురోహితుడితో, అక్షింతలు వేసే చేతులతో నిండిన విశాలమైన దృశ్యం ఒకటి, ఈ రెండూ కొన్ని సెకన్లలో అయిపోతాయి. పక్కన వీడియో బృందం, వెనక బంధువులు, కాళ్ల కింద వైర్లు. లెన్స్ మార్చడం మాట అటుంచి, అడుగు కదపడానికి కూడా చోటుండదు. 17 లేదా 18 నుంచి 50 లేదా 70 దాకా వెళ్లే ఎఫ్/2.8 జూమ్ ఒక్కటే ఆ రెండు ఫొటోలనూ ఒకే చోటి నుంచి ఇవ్వగలదు. వెలుతురులో ప్రైమ్ కన్నా ఇది వెనకబడినా, మండపంలో వీడియో వాళ్ల లైట్లు ఎలాగూ వెలుగుతుంటాయి కాబట్టి ఆ లోటు అంతగా తెలియదు.

ఈ తరగతిలో సిగ్మా 18-50 ఎఫ్/2.8 బరువు 290 గ్రాములే, కానీ అందులో స్టెబిలైజేషన్ లేదు. టామ్రాన్ 17-70 ఎఫ్/2.8లో స్టెబిలైజేషన్ ఉంది, బరువు 525 గ్రాములు. బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్నవారు మొదటిదానితో నిశ్చింతగా ఉండవచ్చు. బాడీలో అది లేక వీడియో కూడా తీసేవారు రెండవదాని వైపు మొగ్గడం మంచిది. ఊళ్లు తిరుగుతూ ఒక్క లెన్స్‌తోనే అన్నీ తీయాలనుకునేవారికి కూడా ఈ తరగతి చక్కగా సరిపోతుంది. మీ దగ్గరున్న కిట్ లెన్స్ పరిధే దాదాపుగా ఇందులోనూ ఉంటుంది కనుక కొత్త దృశ్యాలేవీ రావు, పాత దృశ్యాలే తక్కువ వెలుతురులో మెరుగ్గా వస్తాయి. ఆ మెరుగు మీకు అవసరమో కాదో చూసుకున్నాకే డబ్బు పెట్టండి.

టెలి జూమ్‌లు

55-250, 50-250, 70-300 వంటివి ఒక అంతస్తు, 100-400, 150-600 వంటివి ఇంకో అంతస్తు. ఈ రెండింటి మధ్య తేడా ధరలో మాత్రమే ఉందనుకోవడం పొరపాటు, తీయగలిగే పక్షులే మారిపోతాయి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనో గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు చెట్ల నిండా గుంపులుగా ఉంటాయి. సుమారు మీటరు పొడవుండే పెయింటెడ్ స్టార్క్ 30 మీటర్ల దూరంలో ఉంటే 250 ఎంఎంతో ఫ్రేము వెడల్పులో మూడో వంతు ఆక్రమిస్తుంది. అది మంచి ఫొటోకు చాలు. ఒక జానెడు మించి ఉండే లకుముకి పిట్ట అదే దూరంలో 400 ఎంఎంతో కూడా ఆరో వంతే కనిపిస్తుంది. పది మీటర్ల దాకా దగ్గరికి వెళ్లగలిగితే 400తో సగం ఫ్రేము నిండుతుంది, కానీ అంత దగ్గరికి రానివ్వాలా వద్దా అన్నది మన చేతిలో లేదు. కనుక చిన్న పిట్టల మీద నిజంగా మనసు ఉన్నవారు 300 దగ్గర ఆగి డబ్బు ఖర్చు చేసే బదులు, కొన్నాళ్లు ఆగి నేరుగా 400 లేదా 600 దాకా వెళ్లేది తీసుకోవడం నయం.

పక్షుల సంగతి పక్కన పెడితే, చౌకగా దొరికే 55-250 తరహా లెన్స్‌కు రావలసినంత పేరు రాలేదు. పాలంపేటలోని రామప్ప ఆలయంలో చూరు కింద ఉన్న నల్లరాతి మదనికలను వైడ్ లెన్స్‌తో పైకెత్తి తీస్తే స్తంభాలు వెనక్కి వాలిపోయి, బొమ్మలు చిన్నవై కనిపిస్తాయి. కాస్త దూరం వెనక్కి వెళ్లి 150-200 ఎంఎంతో తీస్తే ఒక్కో మదనిక నగల చెక్కడం దాకా దొరుకుతుంది. పగటి వెలుతురే కాబట్టి ఎఫ్/5.6 అడ్డంకి కాదు. అదే లెన్స్ సాయంత్రం స్కూల్ వార్షికోత్సవంలో స్టేజీ మీద మీ అమ్మాయిని తీయబోతే చేతులెత్తేస్తుంది, అక్కడ 70-200 ఎఫ్/2.8 కావాలి. కొత్తది లక్ష దాటుతుంది కనుక ఏడాదికి ఒకటి రెండు సందర్భాల కోసం కొనడం అనవసరం. పెద్ద పట్టణాల్లో రోజు అద్దెకు దొరుకుతుంది.

వైడ్ లెన్స్‌లు, ఇతర లెన్స్‌లు

ప్రకృతి దృశ్యాలంటే 10-18 లేదా 11-20 కొనాల్సిందేనని ఒక నమ్మకం ఉంది. వైడ్ లెన్స్ దగ్గరిదాన్ని పెద్దది చేసి, దూరపుదాన్ని చిన్నది చేస్తుంది. గండికోటలో లోయ అంచున నిలబడి 10 ఎంఎంతో తీస్తే కాళ్ల ముందున్న బండరాళ్లే ఫ్రేమంతా పరుచుకుని, ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పోయే పెన్నానది సన్నని గీతగా మిగులుతుంది. ఆ బండరాళ్లే మీకు నచ్చితే వైడ్ కొనండి. నది మలుపు నచ్చితే కిట్ లెన్స్‌లోని 40-55 ఎంఎం చాలు. ఇళ్లు, హోటళ్లు, ఆలయ మండపాల లోపలి భాగాలు తీసేవారికి మాత్రం వైడ్‌కు ప్రత్యామ్నాయం లేదు.

మాక్రో గురించి ఒక్కమాట. నగలు, పురుగులు, పూల లోపలి భాగాలు తీసేవారికి 90-100 ఎంఎం మాక్రో అవసరం. వస్తువు సెన్సర్ మీద దాని అసలు పరిమాణంలో పడేలా తీసేటప్పుడు ఎఫ్/8 దగ్గర కూడా ఫోకస్ మందం ఒక మిల్లీమీటరు ఉండదు కాబట్టి ట్రైపాడ్ ఖర్చును కూడా కలుపుకుని లెక్క వేసుకోవాలి. ఇక 18-200, 18-300 వంటి, అన్నిటికీ ఒకటే చాలు అనే జూమ్‌లు లెన్స్ మార్చడం ఇష్టం లేని యాత్రికులకు పనికివస్తాయి. కిట్ లెన్స్‌తో తృప్తి లేక కొత్తది వెతుకుతున్నవారికి మాత్రం ఇవి కొత్తగా ఇచ్చేది దూరాన్ని దగ్గర చేసే శక్తి ఒక్కటే, వెలుతురు విషయంలో ఉన్నచోటే ఉంటారు.

మీ బాడీకి అది పడుతుందా?

లెన్స్ ఎంత నచ్చినా మౌంట్ (లెన్స్ బాడీకి తగులుకునే అమరిక) కుదరకపోతే పనికిరాదు. పాత నికాన్ లెన్స్‌లలో ఈ చిక్కు ఎక్కువ. డీ3500, డీ5600 వంటి బాడీలలో ఫోకస్ మోటారు ఉండదు, కాబట్టి పేరు చివర డీ అక్షరం ఉన్న 50 ఎంఎం ఎఫ్/1.8 చౌకగా దొరికినా ఆటోఫోకస్ పనిచేయదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నది తీసుకోవాలి. నికాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) జెడ్ బాడీకి, పాత లెన్స్‌లను కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తగిలించినా ఆ డీ లెన్స్‌కు ఇదే గతి. క్యానన్‌లో పాత ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్స్‌లు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (మిర్రర్‌లెస్) బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, అందుకే సెకండ్‌హ్యాండ్‌లో వాటికి ఇంకా గిరాకీ ఉంది. ఆర్ఎఫ్ మౌంట్ క్రాప్ బాడీలకు సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్స్‌లు 2024 నుంచే రావడం మొదలైంది. సోనీ వారి ‘ఈ’ (E) మౌంట్‌లో బయటి కంపెనీల లెన్స్‌లు ఎప్పటినుంచో విరివిగా దొరుకుతున్నాయి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అపెర్చర్ పూర్తిగా తెరిచి, మొబైల్ టార్చిని మౌంట్ వైపు నుంచి వేసి, ముందు అద్దంలోంచి ఏటవాలుగా చూడాలి. నాలుగైదు దుమ్ము రేణువులుంటే ఫొటోకు నష్టం లేదు. సాలెగూడు పోగుల్లా కొమ్మలు కొమ్మలుగా పాకిన తెల్లని చారలు కనిపిస్తే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వదిలేయాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో వాడిన లెన్స్‌లలో దీన్ని ప్రత్యేకంగా వెతకండి. కొత్తది కొన్నా అక్కడివారు దాన్ని తోలు కేసులోనో బట్టల బీరువాలోనో పెట్టకుండా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చిన్న మీటరుతో చూసుకుంటూ ఉండాలి. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.